నీళ్ల గీతకు జానెడు పైన

ఆలాపల్లి లిలావుల
పాత ఇనుము లెక్కన కొన్న బండి ఇది.
వీజ్ మండలిది. పంతొమ్మిదేళ్లు తీగెలు మోసింది.
తలుపు మీద మరాఠీ అక్షరాలు రాలి రాలి
‘తక్రార్’ ఒక్కటే మిగిలింది.
చెరపకు మామా, అన్నది తానుబాయి,
మనం తిరిగేది దానికోసమే గదా.

సిరొంచ బస్టాండు వెనక రేకుల షెడ్డు.
బండి ఇంకా బయట ఇటుకల మీద ఉంది.
లోపల నేల మీద సుద్దముక్కతో
ఉన్నదున్నట్టు గీసిన:
పదకొండున్నర అడుగుల డాలా,
వెడల్పు ఆరు మీద నాలుగు అంగుళాలు.
టేపు కొసను తానుబాయి బొటనవేలితో తొక్కిపట్టింది.
అప్పటినుంచి ఆ పిల్ల
తలుపు గీసిన చోటునుంచే లోపలికొస్తది,
గీత దాటి ఒక్కసారి రాలే.

ఎడమ పక్క పానాల పెట్టెలు.
అరలు కొంచెం లోపలికి వాలాలె,
ఆలాపల్లి రోడ్డు గుంతలు తెలుసు గదా.
కుడి పక్క వైండింగు బల్ల,
కాలిన మోటారును కడుపు విప్పి పండబెట్టేంత.
వెనక, పాత నిచ్చెన దిమ్మ మీదనే చిన్న క్రేను.
ఇప్పుడు మిరప చేన్ల బోరులోంచి మోటారు గుంజాలంటే
ఎనిమిదిమంది కావాలె,
ఎనిమిదిమందికి కల్లు కావాలె,
తొమ్మిదోవాడు ఊరికే వచ్చి నిలబడతడు.
చక్రాల నడుమ, కింద, జనరేటరు.

వైసు కోసం మూడు రాత్రులు కొట్లాడినం.
వెల్డింగు అజ్మత్ వెనక తలుపుకే ఉండాలంటడు.
ఎండల ఆ ఇనుము పట్టుకునేది నువ్వా నేనా
అంటది తానుబాయి.
చెరిపి గీసి, గీసి చెరిపి
ఆ మూలంతా పిండి పోసినట్టయింది.

పైసల సంగతి ఇప్పుడొద్దు.
పత్తి అమ్మినంక ఇస్తమన్నోళ్ల పేర్లు
నోటుబుక్కుల రెండు పేజీలు,
అందుల ఒకడు పత్తే వెయ్యలేదు.

నిన్న వామన్ కోడాపే వచ్చిండు,
ఈ బండి మీద లైన్‌మన్‌గ చేసి దిగిపోయిన మనిషి.
స్టీరింగు ముందల కూసున్నడు.
ఇంకా ఎడమకు గుంజుతదా, అని అడిగి
జవాబు వినకముందే నవ్విండు.
చాయ తాగి సుద్ద బండి చుట్టూ ఒక తిరుగు తిరిగి
జనరేటరు కాడ ఆగిండు.
ఇది మునుగుతది, అన్నడు.

బయటకు తీస్కపోయి
డాలా లోపలి పలక మీద రంగు గీకి చూపించిండు.
మొలతో గీసిన అడ్డగీతలు, ఆరు.
పక్కన సంవత్సరాలు.
వానకాలం తీగె తెగిందని పోయినప్పుడు
ప్రాణహిత ఎందాక వచ్చిందో ఆ లెక్క.
అంకీస మలుపు. అసరల్లి వాగు.
సోమనూరు దగ్గర రెండు రాత్రులు
టాపు మీదనే కూసున్నరట నలుగురు,
తడవని బీడీ ఒక్కటి,
దాన్ని ముట్టించే అగ్గిపుల్ల లేదు.

అన్నిటికన్న మీది గీత
డాలాల నిలబడితే నా మోకాలి చిప్ప కాడికొచ్చింది.
దానికి సంవత్సరం లేదు.
ఇదెప్పటిది కాకా, అన్న.
అది లచ్చు గీసిండు, అన్నడు.
టోపీ పెట్టుకొని
రోడ్డెక్కిండు.

రాత్రి నాలుగు బకెట్ల నీళ్లతో నేల కడిగినం.
ఆరినంక మళ్ల మొదలుపెట్టినం.
జనరేటరు చక్రాల నడుమనుంచి లేచి
క్యాబిను నెత్తికెక్కింది.
బల్లకు కాళ్లు పొడుగైనయి.
పెట్టెల కింద పొడుగునా ఖాళీ,
నీళ్లు రావాలంటే రానీ, పోవాలంటే పోనీ.
వైసు ఇంకా ఎటూ తేలలే.

లచ్చు గీతకు జానెడు పైన మొదలైతది మా సామానంతా.
ఎవరి జానెడు, అన్నడు అజ్మత్.
తానుబాయి బయటకు పోయి
టార్చి నోట కరుచుకొని
బొటనవేలు గీత మీద పెట్టి
అరచెయ్యి పలకకు ఆనించింది.
పదహారేళ్ల చెయ్యి, గోళ్లల్ల గ్రీజు.
ఇంకొంచెం చాపు బిడ్డా,
అన్న నేను.